బూడిద మిగలని నూనె

పోయిన వారం భార్గవిని ఫర్నేసు తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. కొత్తగూడ దగ్గరి ఐటీ క్యాంపస్‌లో గడ్డి కోసే మిషన్లు పదిహేను రోజుల్లో తొమ్మిది పట్టేసి ఆగిపోయాయి. రోజూ పొద్దున పెట్రోల్లో నూనె కలిపేది యాదమ్మ. నూనె సీసాలు మామూలుకంటే రెండింతలు ఖర్చవుతున్నాయి, ఇంజన్లేమో నూనె అందక చచ్చిపోతున్నాయి, కాబట్టి ఆమె నూనె బయట అమ్ముకుంటోందని నింద పడింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి మీటింగు. యాదమ్మను తీసేసి పోలీసులకు అప్పగించాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. ఆ నూనె తయారయ్యేది బాలానగర్‌లో, భార్గవి కెమిస్టుగా ఉన్న చిన్న కంపెనీలో. యాదమ్మ షెడ్డు నుంచి సీలు విప్పని సీసా ఒకటి తెచ్చి, బుధవారం అందులోని నూనెను కాల్చి, మిగిలిన మసిని ఫర్నేసులో పెట్టింది భార్గవి. గురువారం పొద్దున తలుపు తీసేసరికి పింగాణీ గిన్నె అడుగున ఏమీ లేదు.

గిన్నె చల్లారాలి. అరగంట పడుతుంది. ఆ అరగంట భార్గవి కూర్చోలేకపోయింది. కడిగిన గాజు గొట్టాలనే మళ్లీ కడిగింది. కిటికీ దగ్గరికి వెళ్లి పక్క వర్క్‌షాపులో రేకులు కత్తిరిస్తున్న చప్పుడు విన్నది, వెనక్కి వచ్చింది. చల్లారిన గిన్నెను త్రాసులో పెట్టి తూచింది. తీసి, దులిపి, మళ్లీ తూచింది. మూడోసారీ అదే బరువు. ఖాళీ గిన్నె ఎంతో, నూనె కాలిన గిన్నె అంత.

చిటికెడైనా ఉండాలి. పళ్లపొడిలాంటి తెల్లటి బూడిద, గోటితో గీస్తే అంటుకునేంత. ఆ చిటికెడు కోసమే ఈ పరీక్ష.

కారులో, బస్సులో నూనె ఇంజన్ అడుగున ఒక గిన్నెలో ఉంటుంది, తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది. గడ్డి మిషన్‌లాంటి టూ స్ట్రోక్ ఇంజన్లకు ఆ గిన్నె ఉండదు. నూనె పెట్రోల్‌తో కలిసి లోపలికి పోతుంది, దారిలో పిస్టన్‌ను తడుపుతుంది, పెట్రోల్‌తోపాటే కాలిపోతుంది. కాలిపోవడానికే పుట్టిన నూనె అది. అందుకే దాంట్లో ఏమేం ఉన్నాయన్నది ముఖ్యం. భార్గవికి ఆ వరస నోటికి వచ్చు. నూటికి డెబ్బై పాళ్లు మామూలు బేస్ ఆయిల్. పొగ తగ్గడానికి పాలీఐసోబ్యూటిన్, తేనెలా తీగ సాగే జిగురు పదార్థం. పెట్రోల్లో తొందరగా కలిసిపోవడానికి కిరసనాయిలు వాసన వేసే పలచటి ద్రావకం. పిస్టన్ రింగుల దగ్గర మసి పేరుకోకుండా కడిగే మందు. అన్నిటికంటే చివర రంగు. తోట మిషన్లకు ఆకుపచ్చ, పడవలకు నీలం.

ఆ కడిగే మందులోనే ఉంది సంగతంతా. తోట మిషన్ల నూనెలో వేసేది కాల్షియం మందు. కాలితే తెల్లటి బూడిద మిగులుతుంది. పడవల నూనెలో వేసే మందులో లోహం ఉండదు. కాలితే ఏమీ మిగలదు.

గిన్నెలో ఏమీ మిగల్లేదు. సీసాలోది మాత్రం ఆకుపచ్చ నూనె.

తొమ్మిదిన్నరకు సోమేశ్వరరావు వచ్చారు. కంపెనీ ఆయనదే. కాకినాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్ల కిందట రెండు డ్రమ్ములతో మొదలుపెట్టిన మనిషి. ల్యాబ్‌లోకి రాగానే ఏ నూనెనైనా ముంజేతి మీద చుక్క వేసుకుని వాసన చూడటం ఆయన అలవాటు. ఆవేళ చూడలేదు. మీటింగుకు కావలసిన రిపోర్టులు ఫైల్లో పెట్టావా అని అడిగారు. భార్గవి గిన్నె చూపించింది. నలభై ఏడో బ్యాచ్ సార్, ఏమీ మిగల్లేదు అని చెప్పింది.

ఆయన గిన్నెలోకి తొంగి చూసి, తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ఆయనకు ముందే తెలుసని భార్గవికి అర్థమైంది.

"మిగలకపోతే మంచిదేగా అమ్మా. బూడిద లేని నూనే కదా ఖరీదైనది."

తర్వాత తనే చెప్పుకొచ్చారు, దాచేదేముందన్నట్టు. ఏప్రిల్ నుంచి సముద్రంలో వేట ఆపేసే రెండు నెలలు పడవలు కదలవు. కాకినాడకు వెళ్లాల్సిన ఎనిమిది డ్రమ్ములు గోదాంలో ఉండిపోయాయి. మే నెలలో క్యాంపస్‌కు సీసాలు పంపాల్సి వచ్చింది, కాల్షియం మందు అందలేదు. ఉన్న పడవ నూనెలో ఆకుపచ్చ రంగు కలిపి సీసాలకు పట్టించారు. ఆ రోజు భార్గవి సెలవులో ఉంది. వచ్చాక ఆమె చిక్కదనం చూసింది, మంట అంటుకునే వేడి చూసింది, రెండూ సరిగ్గానే ఉన్నాయి. రెండు నూనెలకూ ఆ రెండు అంకెలు ఇంచుమించు ఒకటే.

"ఇది కల్తీ కాదమ్మాయ్. తక్కువ సరుకు ఇచ్చి ఎక్కువదని చెప్పలేదు. ఎక్కువ సరుకే ఇచ్చాను. మా వైపు పడవ నూనె అంటే కళ్లకద్దుకుంటారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని భార్గవికి తెలుస్తూనే ఉంది. అదే ఇంకా కష్టంగా ఉంది. ఆమె మెల్లగా, తెలిసినంత వరకు చెప్పింది. పడవ ఇంజన్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి, ఎంత నడిచినా దాని ఒళ్లు ఒక హద్దు దాటి కాలదు. గడ్డి మిషన్‌కు గాలి తప్ప దిక్కు లేదు. ఈ వానలకు నడుమెత్తు పెరిగిన గడ్డిలో పొద్దంతా నడిస్తే పిస్టన్ కాలిపోతుంటుంది. ఆ వేడికి పడవ మందు నిలవదు, విరిగిపోయి అదే జిగురవుతుంది, రింగుల్ని అతికిస్తుంది.

"బూడిద అంటే మురికి కాదు సార్. అంత వేడిలోనూ పనిచేసి మిగిలిన సున్నం అది. ఇందులో ఆ సున్నమే లేదు."

సోమేశ్వరరావు ఫైలు తెరిచి ఒక కాయితం బయటికి తీశారు. నలభై ఏడో బ్యాచ్ రిపోర్టు. చిక్కదనం, మంట అంటుకునే వేడి, వాటి కింద బూడిద 0.12 శాతం. ఆ కింద భార్గవి సంతకం.

"మరి ఇదెక్కడిదమ్మా?"

ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. మార్చిలో ఫర్నేసు తీగ కాలిపోయింది. కొత్తది వచ్చింది మొన్న సోమవారం. మధ్యలో వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ పాత రిపోర్టులోని 0.12నే ఎక్కించింది భార్గవి. అదే తయారీ, అంకె ఎందుకు మారుతుంది, వేసెయ్యమ్మా అన్నది ఆయనే. వేసింది మాత్రం తను. మొదటిసారి వేసినప్పుడు పెన్ను ఆగింది. మూడోసారికి ఆగలేదు.

ఆయన గొంతు పెంచలేదు. అడిగితే చిక్కదనం చెబుదాం, వేడి చెబుదాం, రెండూ నిజాలే, వాళ్లలో బూడిద గురించి అడిగే వాళ్లెవరూ ఉండరు అన్నారు. క్యాంపస్‌లో మిగిలిన సీసాలు రేపే వెనక్కి తెప్పించి మంచివి పంపుదామన్నారు. ఇక్కడ పదకొండు మంది పనిచేస్తున్నారని గుర్తుచేశారు. యాదమ్మ సంగతేమిటని భార్గవి అడిగితే, ఆయన ఎక్కడో పైన ఫ్యాను వైపు చూస్తూ, అది వాళ్ల లోపలి విషయం కదమ్మా అన్నారు.

భార్గవి సరే అనలేదు, కాదనలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకున్న గుణమే అది. కదిరి దగ్గర ఊళ్లో బడిలో చదువుకున్నప్పుడు కూడా చెయ్యెత్తి జవాబు చెప్పిన పిల్ల కాదు. అందరూ వెళ్లాక నల్లబల్ల మీది లెక్క మళ్లీ చూసుకునే పిల్ల. గిన్నెను దూదిలో చుట్టి సంచీలో పెట్టుకుంది. తను ముందుగా వెళ్తానని, మెకానిక్ ఒక ఇంజన్ విప్పుతానన్నాడని చెప్పింది. ఆయన వద్దనలేదు. మూడింటికి అక్కడ కలుద్దామమ్మా అన్నారు, బతిమాలుతున్నట్టు.

కూకట్‌పల్లి దాటేసరికి వాన మొదలైంది. ఆటో ముందుకు రెండు గజాలు జరగడం, ఆగడం. భార్గవి సంచీని ఒళ్లో పెట్టుకుని, మళ్లీ పక్కన పెట్టి, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఆటో పావుగంట ఆగిపోయింది. పక్క కార్లలో మెడలకు ఐడీ కార్డులు వేలాడుతున్న వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు. దిగి నడిచి వెళ్లిపోదామా అని రెండుసార్లు అనుకుంది.

పార్కింగ్ బ్లాకు వెనక రేకుల షెడ్డు. మిషన్లు లేక ఆరుగురు ఆడవాళ్లు కొడవళ్లతో గడ్డి కోస్తున్నారు, తలల మీద ప్లాస్టిక్ సంచులు కప్పుకుని. షెడ్డులో మెకానిక్ మునిస్వామి బల్ల మీద గుడ్డ పరిచి ఇంజన్ విప్పుతున్నాడు. మదనపల్లె వైపు మనిషి, అరవై దాటాయి. స్కూటర్లు పొగ విడిచే కాలం నుంచి టూ స్ట్రోక్ ఇంజన్లే ఆయన బతుకు. యాదమ్మ పక్కనే నిలబడి రెంచీలు అందిస్తోంది. నలభై అయిదేళ్ల మనిషి, ఎండకు రాటుదేలిన ముఖం. తన మీద ఇంకో మూడు గంటల్లో తీర్పు చెప్పబోతున్న మనిషిలా లేదు. కొలత మూతల్ని కడిగి, తుడిచి, వరసగా గూట్లో పెట్టేసి ఉంది.

సిలిండర్ ఊడి వచ్చింది. మునిస్వామి పిస్టన్‌ను వెలుతురులోకి ఎత్తాడు. గోరుతో రింగును కదిలించబోయాడు. కదల్లేదు. సైలెన్సర్‌లోకి పొగ పోయే రంధ్రం సగానికి పైగా మూసుకుపోయి ఉంది.

"నూనె తక్కువైతే ఎట్లుంటాదో తెలుసునా పాపా? పిస్టన్ నిలువునా గీసుకోనుంటాది, తళతళ మెరస్తా ఉంటాది. ఇది చూడు. తారు డబ్బాలో ముంచి తీసినట్టుంది. నూనె లేకుండా పోయిన ఇంజన్ కాదిది. నూనె తాగి తాగి పోయింది."

ఇంకో రెండు విప్పితే అవీ అంతే. దొంగతనం జరగలేదని ఆ మూడు పిస్టన్లు చెబుతున్నాయి. అయినా భార్గవికి లెక్క కుదరలేదు. పడవ నూనె రింగుల్ని పట్టేయించడం నిజమే. కానీ పదిహేను రోజుల్లో తొమ్మిది ఇంజన్లను ఇంతగా పూడ్చేయదు.

గోడకు ఒక చార్టు అతికించి ఉంది. లీటరు పెట్రోలుకు ఒక మూత నూనె. కొలత మార్చిన వారిని పని నుంచి తొలగిస్తాం. కింద గడ్డి కోసే ఏడుగురి సంతకాలు. మొదటిది యాదమ్మది.

భార్గవి ఆ చార్టు చదివి, యాదమ్మ వైపు తిరిగింది. లీటరుకు ఎన్ని మూతలు పోస్తున్నావమ్మా అని అడిగింది. యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. బయట గడ్డి కోస్తున్న వాళ్ల వైపు ఒకసారి చూసింది.

"రెండు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి మిషన్ బందైన కాడికెళ్లి. చెయ్యి పెడితే సుర్రుమంటుండె. ఎండల పనిజేసే మనిషికి ఇంకో చెంబు నీళ్లియ్యమా? గట్లనే అనుకున్న. ఒక మూతకు గింత కాలుతున్నదంటే రెండు మూతలన్న పోయాలె గదా అని పోసిన. ఇంకొకటి బందైంది. అయినా ఆపలే."

"మరి ఈ మాట వాళ్లకు చెప్పలేదా?"

"ఎంత అమ్మినవ్ అని అడిగిండ్రు. ఎంత పోసినవ్ అని ఎవ్వలడగలే." యాదమ్మ నవ్వింది. "ఆ నూనె ఇంటికి తీస్కపోయి నేనేం జేస్కోవాలె బిడ్డా? పప్పుల పోపు పెట్టుకోవాలెనా?"

మునిస్వామి కూడా నవ్వాడు. భార్గవి నవ్వలేకపోయింది. సరైన నూనె అయి ఉంటే, రెండు మూతలు పోసినా పొగ ఎక్కువ వచ్చేది, ప్లగ్గు మసిబారేది, అంతే. ఈ నూనెతో మాత్రం ప్రతి రెండో మూతా ఇంకాస్త జిగురును లోపలికి పంపింది. యాదమ్మ ఎంత శ్రద్ధ పెడితే మిషన్లు అంత తొందరగా పోయాయి. ఆ మాట ఆమె ముఖం మీద చెప్పడానికి భార్గవికి నోరు రాలేదు. నూనెలోనే తప్పుందని, అది తమ దగ్గరే జరిగిందని, మీటింగులో చెబుతానని మాత్రం అన్నది.

యాదమ్మ ఆమెను కాసేపు తేరిపార చూసింది. సంతోషం కనిపిస్తుందని భార్గవి ఎదురుచూసిన చోట ఇంకేదో కనిపించింది.

"నువ్వెందుకు పరేషాన్ అయితవ్ బిడ్డా. అయ్యేదేదో అయితది తీయ్."

అలసిపోయి అంటోందనుకుంది భార్గవి. ఒక పిస్టన్‌ను గుడ్డలో చుట్టి ఇమ్మని మునిస్వామిని అడిగింది.

మీటింగు నాలుగో అంతస్తులో, అద్దాల గదిలో. ఏసీకి ఆమె తడి చున్నీ చల్లగా వీపుకు అంటుకుంది. ఆ క్యాంపస్ నిర్వహణ అంతా చూసే ఉదయ్ భాస్కర్ బల్లకు ఆ చివర కూర్చున్నాడు. నలభై లోపు మనిషి, మర్యాదగా మాట్లాడతాడు, చేతి గడియారం చూసుకుంటూనే ఉంటాడు. సోమేశ్వరరావు ఇస్త్రీ చొక్కాలో ఫైలు పట్టుకుని కూర్చున్నారు. యాదమ్మను కూర్చోమన్నారు కానీ ఆమె కూర్చోలేదు. తలుపు పక్కన, గోడకు ఆనకుండా నిలబడింది.

సోమేశ్వరరావు చిక్కదనం అంకె చదివారు. మంట అంటుకునే వేడి అంకె చదివారు. అక్కడ ఆపి కాయితం మడిచారు. అయితే నూనెలో ప్రాబ్లమ్ లేదన్నమాట అన్నాడు ఉదయ్ భాస్కర్, ల్యాప్‌టాప్‌లో ఏదో టైపు చేస్తూ. ఇక మిగిలింది ఒకటే కదా అన్నట్టు తలుపు వైపు చూశాడు.

భార్గవి లేచి నిలబడింది. కుర్చీ కాలు నేల మీద కిర్రుమంది.

ఏ మాట ముందు చెప్పాలో ఆటోలో వంద రకాలుగా అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకని ముందు వస్తువులు పెట్టింది. మెరిసే బల్ల మీద గుడ్డ విప్పి పిస్టన్ పెట్టింది. పక్కన దూది విప్పి ఖాళీ గిన్నె పెట్టింది. పిస్టన్ నుంచి నల్లటి జిడ్డు గుడ్డలోకి దిగుతోంది. ఉదయ్ భాస్కర్ ల్యాప్‌టాప్‌ను కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

మునిస్వామి అన్నది చెప్పింది. నూనె తక్కువైతే పిస్టన్ ఎలా ఉంటుందో, ఇది ఎలా ఉందో చూపించింది. నూనె దొంగిలించి ఉంటే ఈ జిడ్డు ఇక్కడ ఉండదన్నది. తర్వాత గిన్నె సంగతి చెప్పింది. సీలు విప్పని సీసా, యాదమ్మ చెయ్యి తగలని నూనె. తోట మిషన్ల నూనె అయితే తెల్లటి బూడిద మిగలాలి. మిగల్లేదు. ఇది పడవల నూనె. వేడి తట్టుకోలేదు.

ఉదయ్ భాస్కర్ పిస్టన్ వైపు, గిన్నె వైపు చూశాడు. సోమేశ్వరరావు మడిచిన కాయితం అడిగి తీసుకున్నాడు. వేలితో వరసలు దిగుతూ వచ్చి ఒక చోట ఆగాడు.

"మేడమ్, ఇక్కడ బూడిద పాయింట్ వన్ టూ అని ఉంది. సంతకం మీదే. అంటే మీ రిపోర్టే తప్పంటున్నారా?"

"ఆ ఒక్క అంకె తప్పు సార్. పరీక్ష చేసి రాసింది కాదు. పాత కాయితం చూసి ఎక్కించినాను."

భార్గవి పక్కకు చూడలేదు. చూస్తే మిగిలిన మాట చెప్పలేనని ఆమెకు తెలుసు.

సోమేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన వయసు ఒక్కసారిగా బయటపడ్డట్టయింది.

"అమ్మాయి చెప్పింది నిజమేనండి. ఆ రంగు నా చేత్తో నేనే కలిపాను. మంచిదనుకునే కలిపానండి."

ఉదయ్ భాస్కర్ ఒకే ఒక ప్రశ్న వేశాడు. మరి సీసాలు రెండింతలు ఎందుకు ఖర్చయ్యాయి? భార్గవి దానికీ జవాబు చెప్పింది. మిషన్లు కాలిపోతున్నాయని, కాపాడాలని, యాదమ్మ లీటరుకు రెండు మూతలు పోసింది. ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. పోసినదంతా ఈ ఇంజన్లలోనే ఉంది, విప్పితే కనిపిస్తుంది. నూనె మంచిదై ఉంటే ఆ రెండో మూత వల్ల ఇంత జరిగేది కాదు.

తలుపు దగ్గర యాదమ్మ ఏదో అనబోయి ఆగినట్టు అనిపించింది.

"రాసివ్వండి మేడమ్," అన్నాడు ఉదయ్ భాస్కర్, ఒక తెల్ల కాయితం ముందుకు జరిపి. "ఇప్పుడు చెప్పిందంతా."

భార్గవి రాసింది. ఆమె దస్తూరి బడిలో పలక మీద దిద్దినప్పటిలాగే గుండ్రంగా ఉంటుంది. నలభై ఏడో బ్యాచ్‌కు బూడిద పరీక్ష నేను చేయలేదు. సీసాలో ఉన్నది పడవల నూనె. లీటరుకు రెండు మూతలు పోశారు. నూనె అమ్ముకోలేదు. సంతకం చేసి, తేదీ వేసింది. ఉద్యోగం ఉండదు. కేసు కూడా పెట్టవచ్చు. అయినా పెన్ను ఎక్కడా ఆగలేదు.

ఉదయ్ భాస్కర్ ఆ కాయితం చదివాడు. ఫైల్లో పెట్టలేదు. తన ముందున్న ప్లాస్టిక్ కవరులోంచి ఇంకో కాయితం తీసి దాని పక్కన పెట్టి, రెండూ భార్గవి వైపు తిప్పాడు.

రెండోది ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి రాసింది. ఎవరో చెబితే ఇంకెవరో రాసిన అక్షరాలు. నూనె సీసాలు నేనే బయట అమ్ముకున్నాను, ఇందులో మిగతా ఆరుగురికీ సంబంధం లేదు. కింద కష్టపడి నేర్చుకున్న సంతకం. యాదమ్మ.

భార్గవి వెనక్కి తిరిగి చూసింది. యాదమ్మ నేల వైపు చూస్తోంది.

ఉదయ్ భాస్కర్ ఇబ్బందిగానే చెప్పాడు. ఈ ఏడుగురినీ పనికి పెట్టిన గార్డెనింగ్ కాంట్రాక్టరు పొద్దున షెడ్డుకు వచ్చి తేల్చేశాడట. ఒకరు ఒప్పుకుంటే ఆ ఒక్కరు పోతారు, పోలీసుల దాకా వెళ్లకుండా చూస్తాను. ఎవరూ ఒప్పుకోకపోతే సోమవారం నుంచి ఏడుగురి బదులు కొత్త జట్టు వస్తుంది. ఆమె ఒప్పుకుంది. ఈ మీటింగు తర్వాత ఆ కాయితం హెడ్డాఫీసుకు పోవాలి.

"కానీ అది అబద్ధం కదా సార్," అంది భార్గవి.

"కావచ్చు మేడమ్. మీ కాయితం పంపితే ఆమె దొంగ కాదు. కానీ అందులో రెండు మూతలు అని రాశారు. కొలత మార్చినట్టు. షెడ్డులో చార్టు మీద ఏడుగురూ సంతకాలు పెట్టారు, మిగతా ఆరుగురి ముందే ఈమె పోసింది. కాంట్రాక్టరు ఇక ఒక్కరిని తీసి ఊరుకోడు."

భార్గవి తను రాసిన వాక్యం వైపు చూసింది. గుండ్రటి అక్షరాల్లో, అడిగిన ప్రశ్నకు నిజాయితీగా ఇచ్చిన జవాబు. ఆ ఒక్క వరస కొట్టేస్తే రెండింతల సీసాలకు లెక్క లేదు, యాదమ్మ మళ్లీ దొంగే. ఉంచితే మిగతా ఆరుగురి పనీ పోతుంది.

"రెండూ ఒకదానికొకటి పొసగవు. ఒకటే పైకి పంపగలను," అన్నాడు ఉదయ్ భాస్కర్. ఈసారి గడియారం చూసుకోలేదు. "ఏది పంపమంటారో మీరే చెప్పండి."

అడిగింది భార్గవిని. కదిలింది యాదమ్మ. ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి తలుపు పక్కనుంచి బల్ల దాకా నడిచి వచ్చింది. జిడ్డు కారుతున్న పిస్టన్‌ను పక్కకు జరిపి, భార్గవి రాసిన కాయితం మీద చెయ్యి పెట్టింది.

"ఈ బిడ్డ రాసింది చింపెయ్యుండ్రి సారు. నాదే పంపుండ్రి."